నవ్వేది మనమే, నవ్వులపాలయ్యేదీ మనమేనా? మీమ్స్ గుంపుల మీద ఒక పరిశీలన

ఇంట్లో పిల్లాడు ఫోన్ చూసుకుంటూ తనలో తానే నవ్వుకుంటుంటే "ఏముందిరా అందులో?" అని అడిగి చూడండి. "ఏం లేదు అమ్మీ, మీమ్" అంటాడు. ఆ 'ఏం లేదు' వెనక గత పదేళ్లలో మన కళ్ల ముందే పెరిగిన ఒక పెద్ద లోకం ఉంది. ఒక సినిమా బొమ్మ, దాని మీద రెండు లైన్ల మాట. చూడ్డానికి రెండు సెకన్లు, నవ్వడానికి ఒకటి, ఇంకొకరికి పంపడానికి మరొకటి. ఈ నాలుగు సెకన్ల పనే ఇవాళ సినిమాల ప్రచారాన్ని నడుపుతోంది, ఎన్నికల్లో నాయకుల పరువు నిలుపుతోంది లేదా తీస్తోంది. ఒక సముదాయం గురించి పక్కింటి వాళ్లు ఏమనుకోవాలో కూడా అదే నేర్పుతోంది.

మన పెద్దలు దీన్ని రెండు రకాలుగా చూస్తున్నారు. కొందరికి ఇది వట్టి టైం పాస్. ఇంకొందరికి పిల్లల్ని చెడగొట్టే జబ్బు. రెండూ పూర్తి నిజం కాదు. ఈ హాస్యం గుంపుల్లో మన పిల్లలకు దొరికింది చాలా ఉంది. అదే గుంపుల్లో మన మీద తయారైన విషమూ ఉంది. ఈ రెండూ ఒకే చోట ఎలా పెరిగాయో అర్థం చేసుకుంటే తప్ప ఇంట్లో ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో తెలియదు.

ఇంత పెద్దది ఎలా అయింది?

'మీమ్' అనే మాట ఇంటర్నెట్ కంటే పాతది. బ్రిటన్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో తన పుస్తకంలో దీన్ని వాడాడు. జన్యువు ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లినట్టు, ఒక పాటో మాటో అలవాటో ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి నకలు అవుతూ పోతుందని, దానికి ఆ పేరు పెట్టాడు. నకలు అవుతున్నప్పుడు కొంచెం కొంచెం మారుతుంది. బాగా అతుక్కునేది బతుకుతుంది, మిగతాది పోతుంది. ఇవాళ్టి మీమ్ కూడా అచ్చంగా అంతే.

ఇలా బొమ్మలు పంచుకునే గుంపులు మొదట అమెరికాలో పెరిగాయి. 2003లో ఫోర్‌చాన్, 2005లో రెడిట్, 2008లో హాంకాంగ్ నుంచి నైన్‌గ్యాగ్ వచ్చాయి. మన దగ్గర ఫేస్‌బుక్ పేజీలతో మొదలైంది. అప్పట్లో డేటా ఖరీదు. ఒక జీబీని నెలంతా పొదుపుగా వాడుకునేవాళ్లం. 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఆ లెక్క మారిపోయింది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో కూర్చున్న కుర్రాడికీ, కర్నూలులో ఇంటర్ చదివే అమ్మాయికీ ఒకేసారి వీడియో చేతికొచ్చింది. తర్వాత టిక్‌టాక్ ఊపేసింది. 2020 జూన్ 29న కేంద్రం దాన్ని నిషేధించాక ఆ జనమంతా రీల్స్‌కి, షార్ట్స్‌కి మళ్లారు. యాప్ పోయినా అలవాటు మాత్రం పోలేదు.

తెలుగువాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. సినిమా. ఏ సీన్ చూపించినా అందరికీ తెలుసు. బ్రహ్మానందం 1987లో 'అహ నా పెళ్లంట'తో పేరు తెచ్చుకుని, వెయ్యికి పైగా సినిమాలు చేసి, గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఇవాళ పదిహేనేళ్ల పిల్లలకి ఆయన సినిమా కంటే ఆయన ముఖమే ఎక్కువ తెలుసు. కోపం, బిత్తరచూపు, ఏడుపు దిగమింగిన నవ్వు, "నాకెందుకులే" అన్న ముఖం. దేనికైనా ఆయన ముఖం ఒకటి సిద్ధంగా ఉంటుంది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు, ఆయన పేరు కూడా తెలియనివాళ్లు వేరే దేశాల్లో ఆ బొమ్మలు వాడుతున్నారు.

రెండో సౌకర్యం లిపి. మీమ్ మీద రాసే తెలుగులో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. పండితులకి ఇది నచ్చదు. అయితే మన ఇళ్ల సంగతి వేరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కానీ ఉర్దూ లిపి చదవలేని పిల్లలున్నారు. తెలుగు గడగడా మాట్లాడినా తెలుగు అక్షరాలు తడబడుతూ చదివే ఇంగ్లీషు మీడియం పిల్లలున్నారు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో తరతరాలుగా తెలుగే ఇంటి భాష. వీళ్లందరూ ఒకే జోక్‌కి ఒకేసారి నవ్వగలిగే చోటు ఇదివరకు లేదు. "అరె భాయ్, లైట్ తీస్కో" అన్న మాటలో ఉర్దూ ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగు ఉంది. అది ఎవరి భాష అని అడిగితే మన పిల్లల భాష అని చెప్పాలి.

ఈ మజాక్ మనకు కొత్త కాదు

కొంతమంది పెద్దలు "మా కాలంలో ఈ వెకిలితనం లేదు" అంటారు. వాళ్లకు గుర్తు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తంజ్, మిజాహ్ అంటే వ్యంగ్యం, హాస్యం. దక్కన్ నేల మీద ఈ రెండింటికీ పెద్ద వారసత్వమే ఉంది. 1962లో హైదరాబాద్‌లో 'జిందా దిలాన్-ఎ-హైదరాబాద్' అనే సంస్థ పుట్టింది. దాని హాస్య ముషాయిరాలకి జనం రాత్రి తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. 1968 నుంచి 'షుగూఫా' అనే ఉర్దూ హాస్య పత్రిక నడిచింది. గుల్బర్గా సులేమాన్ ఖతీబ్, హైదరాబాద్ హిమాయతుల్లా, గౌస్ ఖామఖా లాంటి కవులు దక్కనీ యాసలోనే రాసి నవ్వించారు. కొందరి కలం పేర్లు చూస్తేనే నవ్వొస్తుంది: పాగల్ ఆదిలాబాదీ, గిల్లీ నల్గొండవీ. జిల్లా పేరునే తలపాగాలా చుట్టుకున్న మనుషులు వాళ్లు.

ముజ్తబా హుస్సేన్ 1962లో సియాసత్ పత్రికలో హాస్య కాలమ్ మొదలుపెట్టి, ఉర్దూ హాస్య వచనంలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 2007లో పద్మశ్రీ అందుకున్నారు. 2019 డిసెంబరులో దేశంలో పరిస్థితులు తనను కలచివేస్తున్నాయని చెప్పి ఆ పద్మశ్రీని తిరిగి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు. 2020 మేలో కన్నుమూశారు. జీవితమంతా నవ్వించిన మనిషికి నవ్వు ఎక్కడ ఆగాలో కూడా తెలుసు.

ఆ తర్వాతి మజిలీ సీడీల కాలం. 'ది అంగ్రేజ్' సినిమాలో ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు ఇప్పటికీ బతికే ఉన్నారు, మీమ్స్ రూపంలో. చార్మినార్ కట్ట మీద కూర్చుని గప్పాలు కొట్టే ఆ గుంపును చూసి పాతబస్తీ నవ్వింది, మాదాపూర్ కూడా నవ్వింది. ఆ దారిలోనే ఇప్పుడు యూట్యూబ్‌లో 'కిరాక్ హైదరాబాదీజ్', 'వరంగల్ డైరీస్' లాంటి చానళ్లు దక్కనీలో హాస్యం చేస్తున్నాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' తెలంగాణ యాసతో అదే పని చేసి, గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. తెలుగు సినిమాల్లో చాలాకాలం ముస్లిం పాత్ర అంటే రెండే రకాలు. ఒకటి గన్ను పట్టుకున్నవాడు. రెండోది విరిచిన తెలుగు మాట్లాడి నవ్వులపాలయ్యే సాయిబు. ఆ సాయిబు నోట్లో మాటలు పెట్టింది ఎవరో ఇంకొకరు. ఇప్పుడు మన పిల్లలే కెమెరా పట్టుకుని, మన ఇళ్లలో అమ్మీ చెప్పుల వేట, ఖాలా ఇంట్లో పెళ్లిచూపులు, ఈద్‌కి దర్జీ పెట్టే తిప్పలు, దావత్‌లో బిర్యానీ దగ్గర తోపులాట చూపిస్తున్నారు. చూసే హిందూ పిల్లలు "మా ఇంట్లోనూ ఇంతే" అని నవ్వుతున్నారు. ఈ పని వంద శాంతి సభలు కూడా చేయలేవు. దీన్ని చిన్నచూపు చూడకూడదు.

గుంపు పెరిగితే ఏమవుతుంది?

హాస్యం గుంపు మొదట పదిమందితో మొదలవుతుంది. కాలేజీ హాస్టల్, ఒకే బ్యాచ్, అందరికీ తెలిసిన లెక్చరర్ మీద జోక్. అక్కడ ఎవరూ ఎవర్నీ గాయపరచరు, ఎందుకంటే పొద్దున్నే ముఖాలు చూసుకోవాలి. తర్వాత వందమంది అవుతారు. ట్రాఫిక్, ఆర్టీసీ బస్సు, ఇరానీ చాయ్, సప్లీలు. తర్వాత వేలు, లక్షలు. అప్పుడు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. సిగ్గు, మొహమాటం అనేవి అక్కడితో సరి.

ఆ స్థాయికి వచ్చాక గుంపును నడిపేది అడ్మిన్ ఒక్కడే కాదు, యాప్ లెక్క. ఏ పోస్ట్ దగ్గర జనం ఎక్కువసేపు ఆగారు, ఎంతమందికి పంపారు, కింద ఎంత గొడవ పడ్డారు. ఇవి ఎక్కువైతే ఆ పోస్ట్ ఇంకా ఎక్కువమందికి కనబడుతుంది. మామూలు జోక్‌కి జనం నవ్వి ముందుకు పోతారు. ఒక కులం మీద, ఒక మతం మీద, ఒక హీరో అభిమానుల మీద వేస్తే ఆగుతారు, తిడతారు, పంపుతారు. అడ్మిన్‌కి ద్వేషం ఉండక్కర్లేదు. ఏది నడుస్తుందో గమనిస్తే చాలు, రెండు నెలల్లో పేజీ రంగు మారిపోతుంది.

అమెరికాలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2015లో రెడిట్‌లో డొనాల్డ్ ట్రంప్ పేరు మీద ఒక గుంపు మొదలైంది. ఎక్కువగా జోకులు, మీమ్సే. పెరిగి పెరిగి దాదాపు 8 లక్షల మంది అయ్యారు. దాంతోపాటే బెదిరింపులు, జాతి ద్వేషం పెరిగాయి. 2019 జూన్‌లో రెడిట్ దాన్ని ఆంక్షల్లో పెట్టింది, 2020 జూన్‌లో పూర్తిగా మూసేసింది. అదే రోజు కొత్త ద్వేష వ్యతిరేక నియమాల కింద సుమారు 2,000 గుంపుల్ని తీసేసింది. మొదటిరోజే మూయాల్సినంత చెడ్డ గుంపేమీ కాదది. పెరిగే క్రమంలో చెడింది, చెడుతున్న కొద్దీ పెరిగింది.

ఇంకో సంగతి డబ్బు. లక్షల ఫాలోవర్లున్న పేజీకి సినిమా వాళ్లు డబ్బిస్తారు, కోచింగ్ సెంటర్లు ఇస్తాయి, రాజకీయ పార్టీల సోషల్ మీడియా టీములు ఇస్తాయి. మనం జోక్ అనుకుని నవ్వేది నిజానికి ప్రకటన అయి ఉండొచ్చు. బెట్టింగ్ యాప్‌ల సంగతి మరీ ఘోరం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ హైదరాబాద్‌లో పోలీసులు సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. జూదం హరామ్ అని ఇంట్లో చిన్నప్పట్నుంచీ చెప్పి పెంచిన పిల్లాడికి, అదే జూదం నవ్వు మొహంతో ఫోన్లోంచి వచ్చి పలకరించింది. అమ్మీకి, అబ్బాకి అనుమానం కూడా రాలేదు.

ఫాలోవర్ల పిచ్చి ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే కేసు మన దగ్గరే ఉంది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజనీరుని. అభిమాన పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. పగ లేదు, కక్ష లేదు. కేవలం అంకె పెరగాలన్న ఆశ. ఒక ఆడపిల్ల పరువు దానికి సరుకైంది.

నవ్వు విషంగా మారినప్పుడు

మన సముదాయానికి ఈ విషం రుచి బాగా తెలుసు. 2020 మార్చి నెలాఖరులో నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. కొన్ని రోజుల్లోనే 'కరోనా జిహాద్' అనే మాట ట్రెండ్ అయింది. వార్తా చానళ్ల అరుపులు ఒకపక్క, కార్టూన్లు, మీమ్స్ ఇంకోపక్క. టోపీ, గడ్డం బొమ్మ పక్కన వైరస్ బొమ్మ పెట్టి నవ్వుకున్నారు. ఆ నవ్వు బజారుకి చేరింది. దేశంలో చాలాచోట్ల ముస్లిం కూరగాయల బండ్ల వాళ్లను వీధుల్లోకి రానివ్వలేదు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారని, మీడియా దుష్ప్రచారం జరిగిందని చెప్పింది. తీర్పును ఎవరూ మీమ్ చేసి పంపలేదు.

2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' వచ్చాయి. ముస్లిం స్త్రీల ఫోటోలు దొంగిలించి, వాళ్లను వేలానికి పెట్టినట్టు చూపించిన యాప్‌లు. జర్నలిస్టులు, లాయర్లు, విద్యార్థినులు, హైదరాబాద్‌కు చెందిన ఒక పెద్దావిడ, సామాజిక కార్యకర్త కూడా ఆ జాబితాల్లో ఉన్నారు. నిజంగా ఎవర్నీ అమ్మలేదు. "జోకే కదా" అన్నవాళ్లున్నారు. కానీ ఆ ఉదయం ఫోన్ తెరిచి తన ఫోటో చూసుకున్న ఆడపిల్లకి, ఆ ఫోటో చూసిన ఆమె అబ్బాకి అది జోక్ కాదు. కొందరు తమ ఖాతాలు మూసేసుకున్నారు. నోరున్న ఆడవాళ్ల నోరు మూయించడమే ఆ నవ్వు ఉద్దేశం.

బుల్లీ బాయి కేసులో మొదట అరెస్టయినవాళ్ల వయసు చూడండి. 18 నుంచి 21 ఏళ్ల మధ్య. వాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు, ఒక అమ్మాయి కూడా ఉంది. ఇలాంటివాళ్లు ఒకరినొకరు కలిసింది మీమ్స్ పంచుకునే ఆన్‌లైన్ గుంపుల్లోనే అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎక్కడో ఒక ఇంట్లో వాళ్ల అమ్మ కూడా "ఏముందిరా ఫోన్లో" అని అడిగే ఉంటుంది. "ఏం లేదు, మీమ్స్" అనే చెప్పి ఉంటారు.

2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో జుమా నమాజు వేళ రెండు మసీదుల్లో 51 మందిని చంపినవాడు కూడా అలాంటి ఆన్‌లైన్ గుంపుల భాషలోనే రాసుకున్నాడు, అక్కడి జోకులే వాడాడు, ముందుగా అక్కడే చెప్పాడు. చనిపోయినవాళ్లలో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. మీమ్ చూసిన ప్రతివాడూ హంతకుడు కాడు. కోట్లమంది నవ్వి వదిలేస్తారు. కానీ ఒక సముదాయాన్ని మనుషులు కానట్టు రోజూ చూపిస్తూ పోతే, నవ్వుతూ నవ్వుతూనే కొందరి గుండెలో జాలి ఎండిపోతుంది.

మన గుంపుల సంగతి కూడా చూద్దాం

ఇక్కడితో ఆపేస్తే మనం ఎప్పుడూ బాధితులమే అని తేలుతుంది. అది సగం నిజం. మన వాట్సాప్ గుంపులు ఒకసారి తెరిచి చూడండి. కోస్తా ముస్లింల ఉర్దూ మీద హైదరాబాదీల జోకులు. దూదేకుల వాళ్లు నమాజు ఎలా చేస్తారంటూ వెక్కిరింతలు. ఒక మస్లక్ వాళ్లు ఇంకో మస్లక్ ఆలిముల బయాన్ ముక్కలు కత్తిరించి, కింద కోతి బొమ్మ పెట్టి పంపడం. నల్లగా ఉన్న అమ్మాయి, లావుగా ఉన్న అమ్మాయి, ముప్ఫై దాటినా రిష్తా కుదరని బాజీ, వీళ్ల మీద స్టిక్కర్లు. ఎవరో పెళ్లిలో డాన్స్ చేసిన అమ్మాయి వీడియో మీద "ఇదా మన తహజీబ్" అని రాసి వెయ్యిమందికి పంపడం. తహజీబ్ కాపాడుతున్నాం అనుకుంటూ ఒక ఇంటి ఇజ్జత్‌ను రోడ్డు మీద పెడుతున్నాం.

సూరా హుజురాత్‌లో ఈ విషయం చాలా స్పష్టంగా ఉంది. ఒక జనం ఇంకో జనాన్ని, ఆడవాళ్లు ఇతర ఆడవాళ్లను ఎగతాళి చేయకూడదని, అవతలివాళ్లే మేలైనవాళ్లు కావచ్చని, చెడ్డపేర్లు పెట్టి పిలవొద్దని. అదే సూరాలో, ఎవరైనా ఒక వార్త తెస్తే ముందు నిజానిజాలు తేల్చుకోండని కూడా ఉంది. ఫార్వర్డ్ బటన్‌కి ఇంతకంటే సరిపోయే నియమం వేరే అక్కర్లేదు.

తేల్చుకోకుండా పంపితే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్ పుకార్లు. మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని గుంపు కొట్టి చంపింది. జులైలో బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, హైదరాబాద్‌కి చెందిన మన యువ ఇంజనీరుని చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు తిరిగిన మెసేజ్‌ని ఒక్క చాట్‌కే పంపేలా ఇంకా బిగించింది. ఫోన్లో రెండు బాణాల గుర్తుతో వచ్చేది అదే. ఆ గుర్తు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగాలి.

చట్టం ఎవరి వైపు?

"మనం జోక్ వేస్తే జైలు, వాళ్లు వేస్తే లైక్" అని మన కుర్రాళ్లు అంటుంటారు. ఆ కోపానికి కారణం ఉంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు. ఆ షోలో ఆయన ఇంకా ఆ జోక్ వేయనే లేదని చూసినవాళ్లు చెప్పారు. అయినా నెలకు పైగా జైల్లో ఉన్నారు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. తర్వాత చాలా నగరాల్లో షోలు రద్దయ్యాయి. 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళావేదికలో మాత్రం భారీ పోలీసు బందోబస్తు మధ్య షో జరిగింది. నాలుగు జోకులు వినడానికి అంతమంది పోలీసులు కావాల్సి రావడమే ఈ కాలం ఎలా ఉందో చెబుతుంది.

కోర్టులు అప్పుడప్పుడు గాలి ఆడనిస్తున్నాయి. ఆన్‌లైన్ మాటకు అరెస్టు చేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. 2025 మార్చి 28న ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద ఒక కవిత వీడియో విషయంలో గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును కొట్టేస్తూ, కవిత, నాటకం, వ్యంగ్యం, స్టాండప్ లాంటివి మనిషి బతుకుకి అర్థాన్నిస్తాయనే భావం చెప్పింది. ఇలాంటి కేసుల్లో పోలీసులు ముందు ప్రాథమిక విచారణ చేయాలని కూడా సూచించింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా సోషల్ మీడియా పోస్టుల మీద ఆటోమేటిక్‌గా కేసులు పెట్టకుండా పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వం మీద ఘాటుగా రాసినంత మాత్రాన అది నేరం కాదు.

కానీ పిల్లలకి ఇంకో వైపు కూడా చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడానికి, 299వ సెక్షన్ మత భావాలను కావాలని గాయపరచడానికి సంబంధించినవి. రెండింటికీ మూడేళ్ల వరకూ శిక్ష ఉంది. అశ్లీల బొమ్మలకు ఐటీ చట్టం 67వ సెక్షన్ ఉంది. "నేను తయారు చేయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అన్న మాట స్టేషన్లో పనిచేయదు. న్యాయం చివరికి దొరకొచ్చు. ఈలోపు పోయే చదువు, ఉద్యోగం, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్, అమ్మీ కన్నీళ్లు తిరిగి రావు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. చట్టం అందరికీ ఒకే వేగంతో కదలని చోట, మన పిల్లాడు రెండు అడుగులు ఎక్కువ ఆలోచించాలి. అది అన్యాయమే. అయినా చెప్పక తప్పదు.

ఇంట్లో ఏం చేయాలి?

ఫోన్ లాక్కోవడం వల్ల లాభం లేదు. పిల్లాడు స్నేహితుడి ఫోన్లో చూస్తాడు, మనకి కనపడకుండా చూస్తాడు. దానికంటే వాడితో కలిసి ఒక పదినిమిషాలు చూడండి. ఏది నవ్వొచ్చిందో, ఎందుకు నవ్వొచ్చిందో చెప్పమనండి. మంచి మీమ్‌కి మీరూ మనస్ఫూర్తిగా నవ్వండి. మీరు నవ్వితేనే, ఇది బాగాలేదు బేటా అన్నప్పుడు వాడు వింటాడు.

మీమ్ పంచే ముందు అడుక్కోవాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి. దీనిలో ఎవరి ముఖం ఉంది, ఆ మనిషికి ఇష్టమేనా? ఈ జోక్ బలవంతుడి మీదా, బలహీనుడి మీదా? ఇదే మాట మన అమ్మీ మీద, మన బాజీ మీద, మన టోపీ మీద ఉంటే మనం నవ్వుతామా? మంత్రి మీద, కార్పొరేటర్ మీద, గుంతల రోడ్డు మీద, కరెంటు బిల్లు మీద ఎంత నవ్వినా తప్పులేదు. చెత్త ఏరుకునే మనిషి మీద, రంగు మీద, నత్తి మీద, పుట్టుక మీద నవ్వితే అది మజాక్ కాదు.

మన ఆడపిల్ల ఫోటో ఎక్కడైనా వస్తే మొదట చేయకూడని పని ఆమెను తిట్టడం. "నువ్వెందుకు పెట్టావ్ ఫోటో" అని ఇంట్లో అడిగే మొదటి ప్రశ్నే నేరం చేసినవాడికి సగం గెలుపు. స్క్రీన్‌షాట్లు తీయండి, లింకు, తేదీ దాచండి. ఆ తర్వాత యాప్‌లోనే ఫిర్యాదు చేయండి. మార్ఫింగ్ చేసిన, అసభ్యమైన ఫోటోల మీద ఫిర్యాదు అందితే గంటల వ్యవధిలోనే తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు కంపెనీలకు గడువు పెట్టాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, దగ్గరి పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు చేయొచ్చు. తెలంగాణలో షీ టీమ్స్ దగ్గరికి కూడా వెళ్లొచ్చు. బెట్టింగ్ యాప్, లోన్ యాప్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

పేజీలు నడిపే మన కుర్రాళ్లకి ఒక మాట. లక్ష ఫాలోవర్లంటే లక్షమంది కూర్చున్న ముషాయిరా అనుకోండి. ఆ వేదిక మీద ఎవర్ని పిలవాలో, ఎవర్ని దించాలో మీ చేతిలోనే ఉంది. కామెంట్లలో బూతులు, మతం పేరుతో తిట్లు తీసేయండి. డబ్బు తీసుకుని వేసిన పోస్ట్ అయితే ప్రకటన అని రాయండి. అవతలి మతం వాళ్ల పూజను, దేవుణ్ని ముట్టుకోకండి. మనల్ని ముట్టుకుంటే మనకు ఎంత నొప్పో మనకు తెలుసు కదా.

ఇక మన అంజుమన్‌లు, స్కూళ్లు, మదరసాలు కూడా ఈ పిల్లల్ని వెలివేసినట్టు చూడటం మానాలి. ముషాయిరాకి వేదిక ఇచ్చినట్టే, మంచి రీల్ తీసే పిల్లలకి కూడా ఒక సాయంత్రం వేదిక ఇస్తే ఏం పోయింది? దక్కనీ హాస్య కవుల పేర్లు కూడా తెలియని తరం ఇది. పాగల్ ఆదిలాబాదీ ఎవరో చెబితే, తమ మజాక్‌కి ఒక ఖాందాన్ ఉందని వాళ్లకు తెలుస్తుంది. ఖాందాన్ ఉందని తెలిసినవాడు కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాడు.

మీమ్స్ గుంపులు ఇంకా పెరుగుతాయి, తగ్గవు. కృత్రిమ మేధతో ఇప్పుడు బొమ్మ తీయడానికి సినిమా సీన్ కూడా అక్కర్లేదు. ఎవరి ముఖంతోనైనా ఏ మాటైనా చెప్పించొచ్చు. మన మీద జోకులు వేసేవాళ్లు ఆగరు. వాళ్లకి జవాబు తిట్టు కాదు, నిషేధం కోసం ఎదురుచూపూ కాదు. మన కథ మనమే, మన భాషలో, నవ్వొచ్చేలా చెప్పుకోవడం. ఆ పని చేస్తున్న పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఈసారి కొత్త వీడియో తీశాం చూడండి అంటే, కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చూడండి.